డబ్ల్యూ నొక్కేదాకా

ఉదయం తొమ్మిదీ పదికి ఆ యువకుడు రోడ్డు దాటుతున్నాడు. నడిచేవాళ్ళ పచ్చలైటు వెలిగాకే అడుగు వేశాడు. ముందు ఎడమవైపు చూశాడు, తర్వాత కుడివైపు, మళ్ళీ ఎడమవైపు. చిన్నప్పుడు అక్క నేర్పిన పద్ధతి అది. అయినా నంబరు ప్లేటు లేని బూడిదరంగు వ్యాను ఒకటి సందులోంచి దూసుకొచ్చి అతన్ని గుద్దేసింది.

వ్యానులోంచి ఒకడు దిగాడు. సాయం చేయడానికి దిగాడనుకున్నారు చూసినవాళ్ళు. వాడు కిందపడ్డ లాప్‌టాప్ బ్యాగూ ఫోనూ తీసుకుని మళ్ళీ ఎక్కేశాడు. మొత్తం పదకొండు సెకన్లు.

వాళ్ళకు దొరకనిది ఒక్కటే. నాలుగు పేజీల రిపోర్టు. దాన్ని అతను ముందురోజే ఆఫీసు టపాలో పంపేశాడు. పైన శీర్షిక: "పెద్ద డిస్కులకు ఏ పార్టిషన్ టూల్ ఎంచుకోవాలి: ఒక పరిశీలన." ఆ శీర్షిక చూసినవాళ్ళెవరూ రెండో పేజీ తిప్పలేదు. తొమ్మిది రోజులు అది డైరెక్టర్ ట్రేలో, గోడలకు వెల్ల వేయించే కొటేషన్ల కింద పడి ఉంది.

పదో రోజు డైరెక్టర్ టీచరమ్మను పిలిపించాడు.

డిపార్ట్‌మెంటులో ఆమెను అందరూ టీచరమ్మనే అంటారు. ఒకప్పుడు నిజంగానే బడిలో కంప్యూటర్లు నేర్పేది. తర్వాత ఇరవై ఏళ్ళలో ఏడు దేశాల్లో ఏడు వేషాలు వేసింది. పేరు మాత్రం మారలేదు.

"కూర్చో."

"పర్లేదు సార్."

"కూర్చోమ్మా. నిలబడి వినే విషయం కాదు."

కూర్చుంది. ఈ తొమ్మిది రోజుల్లో ఎవరు పలకరించినా "బాగానే ఉన్నాను" అనే చెప్పింది. ఆ మాట ఇప్పుడు అడక్కుండానే నోట్లోకి వచ్చేస్తోంది. మింగేసింది.

"ఆర్నెల్లలో సరిహద్దు అవతల మనవాళ్ళు ఇద్దరు దొరికిపోయారు. ఇంకా పదకొండు మంది ఉన్నారు. వాళ్ళ పేర్లూ చిరునామాలూ ఉన్న జాబితా రికార్డుల భవనంలో డిస్కుల్లో ఉంది. అక్కడి సమాచారం బయటికి పోతోంది. ఎలా పోతోందో తెలీదు. రేపు నాలుగింటికి ఆ జాబితా కూడా పోబోతోందని మన డబుల్ ఏజెంట్ కబురు పంపింది."

"పంపేదెవరు?"

డైరెక్టర్ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "మీ తమ్ముడేనని కమిటీ తేల్చింది. కొన్నవాళ్ళే అతన్ని వదిలించుకున్నారట. రేపు సాయంత్రం ఐదింటికి సంతకాలు. ఫైలు మూసేస్తారు."



"పోయిన మనిషి ఎలా పంపిస్తాడు సార్, రేపు నాలుగింటికి?"

"అదే నేనూ అడిగాను. ముందే ఏర్పాటు చేసి పోయాడన్నారు." రిపోర్టు ఆమె ముందుకు తోశాడు. "దీన్ని ఇవాళ పొద్దున చదివాను. సగం అర్థం కాలేదు. అర్థమైన సగానికే చెమట పట్టింది."

దస్తూరీ తమ్ముడిదే. అక్షరాల కింద పెన్సిల్ జాడ లీలగా కనిపిస్తోంది. చిన్నప్పుడూ అంతే. ఏది రాసినా ముందు పెన్సిలుతో రాసి, "ఇంకు పెట్టేయనా అక్కా?" అని అడిగి, ఆ తర్వాతే పెన్ను తీసేవాడు.

ఆమె పాఠంలాగే చదివింది. డిస్కును వాడుకోవాలంటే దాన్ని ముందు గదులుగా విడగొట్టాలి. ఆ పని చేసే ప్రోగ్రామే పార్టిషన్ టూల్. ఏ గది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో డిస్కు మొదట్లో ఒక పట్టిక రాసి పెడుతుంది, పుస్తకానికి విషయసూచికలాగా. రికార్డుల భవనంలో వాడేది పాతకాలపు ఎఫ్‌డిస్క్. అది రాసే పట్టికలో అంకెలకు చోటు తక్కువ. రెండు టెరాబైట్లు దాటితే లెక్క రాయడానికి గళ్ళు చాలవు. ఇప్పుడొచ్చేవి ఎనిమిది టెరాబైట్ల డిస్కులు. అంటే మిగతా ఆరు ఆ టూల్ కంటికి లేనట్టే.

మూడో పేజీలో రెండు కొత్త టూల్సు, పార్టెడ్, జీడిస్క్. రెండూ ఎంత పెద్ద డిస్కునైనా చూడగలవు. రెండూ పట్టికను డిస్కు మొదట్లో ఒకసారి, భద్రం కోసం చిట్టచివర ఇంకోసారి రాస్తాయి.

నాలుగో పేజీ అడుగున రెండే వాక్యాలు. "డిస్కుల కంపెనీకి తిరిగి వెళ్తున్న ఒక చెడిపోయిన డిస్కు చివర కొత్తరకం పట్టిక కనిపించింది. మనలో కొత్త టూల్ ఎవరూ వాడరు కదా, సరదాకి ఎవరైనా నేర్చుకుంటున్నారేమో, అడగాలి."

అడిగి ఉంటాడు, అనుకుంది ఆమె. ఎవరినో ఒకరిని నవ్వుతూ అడిగి ఉంటాడు.

"రేపు కంపెనీకి వెళ్ళే డిస్కుల పెట్టెను ఆపేయొచ్చు కదా సార్?"

"ఇంతకుముందు నలభై డిస్కులు ఆపించాను. ఖాళీ అని తేలింది. ఇంకోసారి ఆపమంటే కమిటీ నన్నే ఆపేస్తుంది. నాకు ఊహ కాదు, మనిషి కావాలి. అయినవాళ్ళను పంపకూడదని రూలు ఉంది, తెలుసు." ఆగాడు. "రూల్స్ పుస్తకం ఇవాళ కనిపించడం లేదు."

"లోపల ఎవరెవరు?"

"ముగ్గురు. డిస్కులు తుడిచేది పెద్దాయన, ముప్పై ఏళ్ళ సర్వీసు. బయటికెళ్ళే డిస్కుల్ని తనిఖీ చేసి సీలు వేసేది సీలాయన. మూడోది ముత్యాల మేడమ్, ఆవిడే మన డబుల్ ఏజెంట్. కోడ్ ఇది. నువ్వు 'నల్ల ఇంకు ఉందా' అనాలి, ఆవిడ 'నీలమే మిగిలింది' అనాలి."

"ఆవిడను నమ్మొచ్చా?"

"మన తరఫున వాళ్ళ దగ్గర పనిచేస్తోంది. వాళ్ళ తరఫున మన దగ్గర పనిచేస్తోందని వాళ్ళ నమ్మకం. జీతం రెండుచోట్లా తీసుకుంటుంది. ఎవరిని మోసం చేస్తోందో ఆవిడకు గుర్తుందనే నా ఆశ."

*

మర్నాడు పదింటికి రికార్డుల భవనంలోకి ఒక కంప్యూటర్ ట్రైనర్ వచ్చింది. సగం నెరిసిన జుట్టు, లావుపాటి ఫ్రేము కళ్ళద్దాలు, సంచి నిండా మార్కర్ పెన్నులు. జుట్టుకు వేసిన తెలుపు కడిగితే పోతుంది. కళ్ళద్దాల పెట్టె మాత్రం అద్దాల కోసం కాదు. మూత తెరిస్తే డిస్కు తగిలించే సాకెట్టు, చిన్న స్క్రీను, వేలెడంత కీబోర్డు ఉంటాయి.

కిటికీల్లేని గది. చలి. వరసగా ఇనుప బీరువాలు, వాటిలో రెప్పలార్చే ఆకుపచ్చ దీపాలు. ఎడతెగని హోరు. ఆ హోరులో ఇక్కడివాళ్ళు అలవాటుగా కాస్త గట్టిగా మాట్లాడతారు. రహస్యం చెప్పాలంటే కాగితం మీద రాయాలి.

"ట్రైనింగా?" స్వెట్టరు మీద ఇంకో స్వెట్టరు వేసుకున్న పెద్దాయన మొహం చిట్లించాడు. "ఈ ఎఫ్‌డిస్క్‌తో నా జుట్టు నెరిసిందమ్మాయ్. ఇన్నేళ్ళలో ఒక్కనాడు నన్ను మోసం చేసిందా? ఇప్పుడు కొత్తది తెస్తారా? ఎవరడిగారు?"

"పైవాళ్ళు ఏదో ఒకటి ఎంచమన్నారండీ. మీ అందరితో చేయించి చూసి రాయాలి."

"రాయి. పాతదే మేలని రాయి. ఆ కుర్రాడూ ఇంతే, కొత్తది కొత్తదని నా బుర్ర తినేవాడు." గొంతు దించాడు. "పోయాడు, పాపం."

"అలా నిలబడ్డారేం మేడమ్, ఇక్కడ కూర్చోండి." పక్కనుంచి మెత్తటి గొంతు. నడుముకు సీసపు సీళ్ళు నొక్కే పట్టకారు వేలాడుతోంది. సీలాయన. "ఇది మా తమ్ముడి కుర్చీ. తమ్ముడంటే సొంత తమ్ముడు కాదనుకోండి. రోజూ ఒక బల్ల మీదే తినేవాళ్ళం. తన డబ్బాలోంచి సగం నాకే పెట్టేవాడు." కళ్ళు తుడుచుకున్నాడు.

ఆమె ఆ కుర్చీలో కూర్చుంది. బల్ల అంచున పెన్సిల్ చెక్కిన పొట్టు ఇంకా ఉంది. ఎవరూ ఊడ్చలేదు. దాని మీద సంచి పెట్టింది.

మూడో మనిషి పది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ముందు సెంటు వాసన, తర్వాత మడమల చప్పుడు, ఆ తర్వాత ఆవిడ. చెవులకు ముత్యాలు. ఎడమ ముత్యం కుడిదానికన్నా కొంచెం పెద్దది. మైకు అందులో ఉన్నట్టుంది, అనుకుంది టీచరమ్మ. వింటున్నదెవరో మాత్రం తెలియదు.

"మీ దగ్గర నల్ల ఇంకు ఉందాండీ? బోర్డు మీద రాయడానికి."

"నీలమే మిగిలింది." ముత్యాల మేడమ్ చూపు కూడా తిప్పలేదు. కోడ్ సరిగ్గానే చెప్పింది. కానీ అంత తేలిగ్గా చెప్పడం టీచరమ్మకు నచ్చలేదు.

పొద్దుటి క్లాసు పాత టూల్ మీద. ముగ్గురి చేతా ఒక ప్రాక్టీసు డిస్కు మీద గది కట్టించింది.

"ఇప్పటిదాకా మీరు చేసిందంతా పెన్సిల్ రాతే. డిస్కు మీద ఇంకా ఏమీ పడలేదు. తప్పనిపిస్తే క్యూ నొక్కి బయటికి రావచ్చు, ఎక్కడా మచ్చ ఉండదు. డబ్ల్యూ నొక్కితేనే ఇంకు పడుతుంది."

పెద్దాయన కళ్ళు మూసుకునే నొక్కాడు. ముత్యాల మేడమ్ గోరు విరుగుతుందేమో అన్నట్టు నొక్కింది. సీలాయన కీ వెతుక్కుని ఒక్క వేలితో నొక్కి, సిగ్గుగా నవ్వాడు.

"నాకు చూడ్డమే వచ్చు మేడమ్. పట్టిక తెరిచి ఖాళీగా ఉందని చీటీ ఇస్తాను. డిస్కు మీద రాయడం ఇదే మొదటిసారి."

"ఎనిమిది టెరాబైట్లలో రెండే కదా ఈ టూల్‌కు కనిపించేది. మిగతా ఆరు?"

"ఖాళీ," అన్నాడు పెద్దాయన.

"ఎలా తెలుసు?"

"భలేదానివే. కనిపించడం లేదుగా!"

ఎవరూ నవ్వలేదు. అక్కడ అదొక పద్ధతిగా స్థిరపడిపోయింది. పెద్దాయన రెండు టెరాబైట్లు తుడుస్తాడు. సీలాయన రెండు చూసి సీలు వేస్తాడు. బయటి గేటులో గార్డు యంత్రం కూడా ఆ రెండే చదివి పచ్చలైటు వేస్తుంది. టూల్ చూడలేనిచోట ఏమీ ఉండదని ముప్పై ఏళ్ళుగా ఆ భవనమంతా నమ్ముతోంది. నమ్మనివాడు ఒక్కడే ఉండేవాడు, ఈ కుర్చీలో.

ఎవరు? కొత్త టూల్ వద్దని గింజుకుంటున్నది పెద్దాయన. పాతది ఉంటేనే దొంగకు లాభం. మరి తుడిచేదీ ఆయనే. ముత్యాల మేడమ్ సంగతి సరేసరి, రెండు పడవల్లోనూ కాళ్ళున్న మనిషి. సీలాయన బల్ల మీదుగా రెండు రకాల డిస్కులూ వెళ్తాయి. రెండో భవనానికి వెళ్ళే అసలు కాపీలు, కంపెనీకి తిరిగెళ్ళే చెడిపోయినవి. కానీ ఆయనకు డిస్కు మీద గీత గీయడమే రాదు. మనిషి నోటిమాట దిద్దుకోగలడు. వేళ్ళను దిద్దుకోవడం కష్టం. అది ఆమె బడిలో నేర్చుకున్న విషయం.

*

రెండింటికి పరీక్ష పెట్టింది.

"ఇప్పుడు పార్టెడ్. మూడు ఆదేశాలు ఈ చీటీలో ఉన్నాయి. ఒక్కొక్కరే వచ్చి చేయాలి. మిగతావాళ్ళు బయట."

"కాపీ కొడతామనా?" అన్నాడు పెద్దాయన.

"మీరు కొట్టరని నమ్మకమేనండీ. పద్ధతి."

చీటీలో ఒక సంగతి ఆమె కావాలనే రాయలేదు. పార్టెడ్‌లో పెన్సిల్ లేదు. మొదటి గీతే ఇంకు. ఆదేశం ఇచ్చి ఎంటర్ నొక్కగానే పని డిస్కు మీద జరిగిపోతుంది. డబ్ల్యూ ఉండదు, అక్కర్లేదు.

పెద్దాయన మూడు ఆదేశాలూ ఇచ్చి కీబోర్డు మీదకు వంగాడు. డబ్ల్యూ నొక్కాడు. తెర ఏదో గొణిగింది. మళ్ళీ నొక్కాడు.

"ఏమ్మాయ్, రాసేది ఎక్కడ?"

"ఎప్పుడో రాసేసిందండీ."

"అడక్కుండానే?" నిజంగా కోపం వచ్చింది ఆయనకు. "మనిషికి ఒక్క క్షణం ఆలోచించుకునే వ్యవధి కూడా ఇవ్వదా? ఇదేం టూలు, మా పెద్దల్లుడిలా ఉంది!"

ముత్యాల మేడమ్ కూడా ఆగిపోయింది. వేలు డబ్ల్యూ మీద ఆడించి, తలెత్తి, "దీనికి ఇంకు ఎక్కడండీ?" అంది.

సీలాయన వచ్చాడు. పొద్దున కీ వెతుక్కున్న ఆ ఒక్క వేలితోనే కొట్టాడు. మొదటి ఆదేశం, రెండోది, మూడోది. క్విట్. కుర్చీ వెనక్కి జరిపి, చీటీ నాలుగు మడతలు పెట్టి ఆమె చేతిలో పెట్టాడు.

"అయిపోయింది మేడమ్."

"సరిచూసుకోరా?"

"ఇందులో ఏముంది, అయిపోయిందిగా."

"బాగా చేశారు," అంది టీచరమ్మ. బడిలో పిల్లలతో అన్నట్టే అంది.

పొద్దుటే డబ్ల్యూ నేర్చుకున్న మనిషి మధ్యాహ్నం దాన్ని వెతకాలి. వెతకలేదంటే ఈ టూల్‌కు అది అక్కర్లేదని ఆ వేళ్ళకు ముందే తెలుసు. ముప్పై ఏళ్ళ మనిషి తడబడ్డాడు. ఏమీ రాదని చెప్పిన మనిషి తడబడలేదు.

కానీ తడబడకపోవడం నేరం కాదు. ఆ మాట చెప్తే కమిటీ టీ తెప్పించుకుని మరీ నవ్వుతుంది.

మూడూ ఇరవైకి మెట్ల దగ్గర కిటికీలోంచి కిందికి చూసింది. పెరట్లో కంపెనీ వ్యాను వచ్చి ఆగి ఉంది. దాని పక్కన ముత్యాల మేడమ్. చుట్టూ చూసి, ఒక కవరు డ్రైవరు చేతిలో పెట్టింది. డ్రైవరు చదివి, తలాడించి, కవరు జేబులో దాచుకున్నాడు.

టీచరమ్మ గోడకు ఆనుకుంది. ఇద్దరూ కలిసే చేస్తున్నారా? నాలుగింటికి పెట్టె పోతుందని చెప్పింది ఈవిడే. నిజం ఒకటి చెప్పి పది అబద్ధాలు దాటించే మనుషుల్ని ఆమె ఏడు దేశాల్లో చూసింది. ఇక ఈ భవనంలో సాయం అడగడానికి ఎవరూ లేరు.

*

మూడూ నలభైకి సీలాయన రసీదు కాగితాలు పట్టుకుని పెద్దాయన సంతకం కోసం పైకి వెళ్ళాడు. గేటుగదిలో బల్ల మీద అట్టపెట్టె. అందులో ఐదు డిస్కులు. మూత మీద సీలు ఇంకా పడలేదు.

టీచరమ్మ లోపలికి వెళ్ళి తలుపు చేరవేసింది. కళ్ళద్దాల పెట్టె తెరిచి మొదటి డిస్కు తగిలించింది. తన పెట్టెలో ఎక్కించుకొచ్చిన టూల్ జీడిస్క్. క్లాసులో దాని ఊసే ఎత్తలేదు. తమ్ముడు తన రిపోర్టులో ఎంచుకున్నది అదే. ఎందుకో కూడా ఒక్క వాక్యంలో రాశాడు: "ఇది పెద్ద డిస్కు మొత్తాన్ని చూస్తుంది, పాతదానిలాగే డబ్ల్యూ నొక్కేదాకా ఆగుతుంది, తప్పులు చేసేది మనుషులు కాబట్టి ఆగే టూల్ మేలు."

మొదటిది, ఏమీ లేదు. రెండోది, లేదు. మూడోది కూడా లేదు. గోడ గడియారం మూడూ యాభై రెండు. మెట్ల మీద ఎవరో దగ్గారు.

నాలుగోది తగిలించింది. టూల్ ఒక ప్రశ్న అడిగింది. మొదట్లో పాత పట్టిక ఉంది, చివర కొత్త పట్టిక ఉంది, దేన్ని నమ్మమంటారు?

సీలాయన చేసిన పని అర్థమైపోయింది. అసలు పాత పట్టికను పక్కన దాచుకున్నాడు. పార్టెడ్‌తో కొత్తది రాసి, రెండు టెరాబైట్ల అవతల గది కట్టి, సరుకు పెట్టాడు. తర్వాత దాచిన పాత పట్టికను ముందుభాగం మీద తిరిగి అతికించాడు. చివర ఇంకో కాపీ మిగిలిపోతుందని వాడికి తెలియదు. తెలిసినవాడు నవ్వుతూ వచ్చి అడిగేదాకా తెలియదు. ఆ తర్వాత కూడా మాట నమ్మలేదో, మనిషిని తీసేస్తే మాటా పోతుందనుకున్నాడో.

చివరిదాన్నే నమ్మమంది. తెర మీద ఒక్క వరుస. రెండు టెరాబైట్లు దాటగానే మొదలయ్యే గది ఒకటి.

"క్లాసు అయిపోయిందనుకున్నానే మేడమ్."

సీలాయన తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు. గొంతు అదే మెత్తన. ఒక్క అంగలో వచ్చి ఆమె మణికట్టు పట్టుకుని పక్కకు నెట్టాడు. తెర చూశాడు.

"మీరు ట్రైనర్ కాదు. అతనికి ఏమవుతారు?"

"రోడ్డు దాటడం నేర్పాను."

ఒక్క క్షణం అతని కనురెప్ప కదిలింది. అంతే. వేళ్ళు కీబోర్డు మీదకు వెళ్ళాయి. పట్టికలోని వరుస చెరిపేయడానికి డి; లోపలి సరుకు ఎలాగూ అలాగే ఉంటుంది. మళ్ళీ పట్టిక చూపించడానికి పి. తెర మీద వరుస మాయమైంది. ఇప్పుడక్కడ ఏమీ లేదు. అతను గట్టిగా ఊపిరి వదిలి, డిస్కు తీగ లాగేసి, తలుపు తీసి కేకేశాడు.

"గార్డూ! ఈవిడ సరుకు ముట్టుకుంది. పట్టుకో. పెట్టె వ్యానులో ఎక్కించెయ్. నాలుగవుతోంది."

గార్డు పరిగెత్తుకొచ్చాడు. నిజాయితీపరుడు, ఎదిగిన ఇద్దరు కొడుకుల తండ్రి, పదిహేనేళ్ళుగా సీలాయన చెప్పింది చేస్తున్నాడు. ఆమె భుజం పట్టుకున్నాడు.

"నాలుగో డిస్కు ఇంకోసారి తగిలించండి," అంది టీచరమ్మ. "ఒక్కసారి చాలు."

"ఇప్పుడే చూశాం, ఖాళీ," అన్నాడు సీలాయన. చేతులు గబగబా పెట్టె మూస్తున్నాయి. పట్టకారు సీసాన్ని నొక్కింది. సీలు పడింది.

"అమ్మా, నడవండి," అన్నాడు గార్డు. "నన్ను ఇబ్బంది పెట్టకండి."

మూడూ యాభై ఎనిమిది. పెరట్లో ఇంజను చప్పుడు మొదలైంది.

ముందు సెంటు వాసన వచ్చింది. తర్వాత మడమల చప్పుడు.

"పెట్టె దించు," అంది ముత్యాల మేడమ్. గార్డు మొహం ముందు డిపార్ట్‌మెంటు గూఢచారుల గుర్తింపైన ఎర్రకార్డు పెట్టింది. అది చూపించాక ఆవిడ ఇక ఎవరి దగ్గరా డబుల్ ఏజెంటుగా పనికిరాదు. ఆ సంగతి గదిలో ఇద్దరికి తెలుసు. "ఆవిడ అడిగింది చెయ్. ఒక్కసారేగా."

"మేడమ్, మీరు కూడానా..." సీలాయన నవ్వబోయాడు. "సరే. చూడండి. ఖాళీ డిస్కు ఎన్నిసార్లు చూసినా ఖాళీయే."

గార్డు సీలు తెంపాడు. నాలుగో డిస్కు తనే తగిలించాడు. అదే ప్రశ్న. మొదటిదా, చివరిదా? టీచరమ్మ చివరిది అంది. గార్డు లావుపాటి వేలితో నొక్కాడు.

తెర మీద ఒక్క వరుస. రెండు టెరాబైట్లు దాటగానే మొదలయ్యే గది.

"ఇదేంటి?" అన్నాడు సీలాయన. "నేను తీసేశానే!"

గార్డు మళ్ళీ ఆమె భుజం మీద వేయబోయిన చెయ్యి ఆపాడు. అదే చెయ్యి నెమ్మదిగా సీలాయన మెడపట్టీ పట్టుకుంది.

"తీసేశారు," అంది టీచరమ్మ. "పెన్సిలుతో. డబ్ల్యూ నొక్కలేదు."

"పొద్దున..."

"పొద్దున నేర్చుకున్నది తలలో ఉంటుంది. దొంగతనంగా ఇన్నాళ్ళూ చేసింది వేళ్ళలో ఉంటుంది. మీ వేళ్ళకు ఇంకు ఒక్కటే తెలుసు." గొంతు పెంచలేదు. "ఆగే టూల్ మేలని వాడు రాశాడు. మీరు చదవలేదు."

సీలాయన నేలవైపు చూశాడు. "నవ్వుతూ అడిగాడు," అన్నాడు చివరికి. "'అన్నా, కొత్త టూల్ నేర్చుకుంటున్నావా, నేను సాయం చేస్తాను' అన్నాడు."

ఆమె కళ్ళద్దాల పెట్టె మూసింది. మూత సరిగ్గా పడలేదు. మళ్ళీ తెరిచి, మళ్ళీ మూసింది.

పెరట్లో వ్యాను ఇంజను ఆగింది. డ్రైవరును గేటు కాపలావాళ్ళు ఇద్దరు పట్టుకున్నారు. ముత్యాల మేడమ్ ఎడమ చెవి ముత్యం విప్పి సంచిలో వేసుకుంది.

"కవరు ఇవ్వడం కిటికీలోంచి చూశారు కదూ?"

"చూశాను. మీ మీద పూర్తిగా అనుమానం వచ్చింది."

"రావాలి మరి. వాళ్ళకు నమ్మకం కుదరాలంటే మీకు అనుమానం రావాలి. నాలుగన్నది మారిపోయి మూడున్నరకే బయల్దేరమని వాళ్ళ ఆర్డరు వచ్చింది. మళ్ళీ నాలుగే అని నేను రాసిచ్చాను." నిట్టూర్చింది. "రెండు జీతాలు పోయాయండీ ఇవాళ. ఒకటి అటు, ఒకటి ఇటు. ఎర్రకార్డు వాడినవాళ్ళను మన డిపార్ట్‌మెంటు ఏడాది బల్ల ముందు కూర్చోబెడుతుంది."

"పెద్దాయన దగ్గర ఖాళీ ఉంది," అంది టీచరమ్మ. "స్వెట్టరు తెచ్చుకోండి."

*

ఐదింటికి కమిటీ గదిలో ఫైలు తెరిచి ఉంది. తమ్ముడి పేరు ఎదురుగా "దోషి" అన్న మాట. సంతకాలు పడేదాకా పెన్సిలుతో రాయడం అక్కడి ఆనవాయితీ. డైరెక్టర్ ఏమీ మాట్లాడకుండా రబ్బరు ఆమె ముందుకు జరిపాడు. ఆమె మెల్లగా, కాగితం నలగకుండా తుడిచింది. పొట్టు ఊదింది. తర్వాత పెన్ను తీసి, ఆ చోట తమ్ముడి ఉద్యోగం రాసింది. "డిస్కుల పరిశీలకుడు." ఇంకు పెట్టేయనా అని ఎవరినీ అడగలేదు.

సరిహద్దు అవతల పదకొండు మంది ఆ సాయంత్రం ఎప్పటిలాగే తమ పనుల్లో ఉన్నారు. తమ పేర్లు ఒక పెరటి గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాయని వాళ్ళకు తెలియదు.

వారం తిరక్కుండా రికార్డుల భవనంలోకి కొత్త టూల్ వచ్చింది. పెద్దాయన నెల రోజులు తిట్టి, తర్వాత అది తానే కనిపెట్టినట్టు ముత్యాల మేడమ్‌కు నేర్పడం మొదలుపెట్టాడు. బయటి గేటు యంత్రం ఇప్పుడు డిస్కు చివరిదాకా చదువుతుంది.

తమ్ముడు రాసిన నాలుగు పేజీలను డిపార్ట్‌మెంటు ఎంతో విలువైనవిగా గుర్తించింది. ప్రతి పేజీ మీదా "అతి రహస్యం" అని ఎర్రముద్ర వేసి, ఇనుప బీరువాలో పెట్టి తాళం వేసింది. శీర్షిక చూసి ఇదివరకు ఎవరూ చదవలేదు. ఇప్పుడు ముద్ర చూసి చదవరు.